పొన్నేరు పోగొట్టిన సైకిలు యాత్ర

లోకంలో మనుషులు రెండు రకాలని తిరుపతిసామి నాయకర్ అభిప్రాయం: సైకిలు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. కోవిల్‌పట్టి చుట్టుపట్ల, అరవదేశంలో, ఆయన పుట్టిన నల్లరేగడి తెలుగు పల్లెలో మొదటి రకానికి చెందినవాడు ఆయన ఒక్కడే. కనుక ఈ సిద్ధాంతాన్ని కాదనే యోగ్యత ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

పంతొమ్మిది వందల ముప్పైల తొలి రోజుల మాట. ఆ ఏడు విరుదునగర్ మండీలో మిరపకాయలకు మంచి ధర పలికింది. ఇంటి కప్పు మార్చమని భార్య పట్టమ్మాళ్ మూడేళ్ళుగా చేస్తున్న మనవిని ఇంకో ఏటికి వాయిదా వేసి, ఆయన ఒక సీమ సైకిలు కొన్నాడు. దాన్ని కోవిల్‌పట్టి దాకా రైల్లో తెచ్చి, అక్కణ్ణుంచి కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఎక్కి రాకపోవడానికి కారణం వినయం కాదు. తొక్కడం అప్పటికింకా రాదు.

సైకిలు ఆయన కొన్నది. దానికంటె పెద్ద గౌరవం పుట్టుకతో వచ్చింది. చిత్తిరై నెల మొదటి రోజు, అరవ సంవత్సరాదినాడు, పొద్దు పొడిచేవేళ ఊరి మడకలన్నీ ఒకే చేలో కలిసి తొలిచాలు వేస్తాయి. దాన్ని పొన్నేరు అంటారు. అందులో ముందు నడిచే మడక తిరుపతిసామి ఇంటిది. తాత పట్టాడు, తండ్రి పట్టాడు, ఇప్పుడు ఈయన పడుతున్నాడు. ఆ చేతిని బట్టే వాన వస్తుందని ఊరి నమ్మకం. అందుకే తొలి తాంబూలం, బావి దగ్గర తొలి కడవ, అమ్మవారి కొలువులో తొలి బొట్టు ఆ ఇంటివే. ఆ పొద్దుకు ఆ ఇంటి మగవాడు చేలో లేకపోతే హక్కు రెండో ఇంటికి పోతుంది. పోయినది తిరిగి రాదు. ఇన్ని తరాల్లో ఎవరూ పోగొట్టుకోలేదు గనుక ఈ రెండో నియమం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు, రెండో ఇంటివాళ్ళు తప్ప.

ఆ రెండో ఇంటివాడు లక్ష్మణసామి. వరసకు తమ్ముడు, నడవడికి దాయాది. పత్తి బళ్ళు తోలుకుని విరుదునగర్ పోయి వస్తుంటాడు. ఒకనాడు వచ్చి అన్న ఇంటి తిన్నె మీద కూర్చున్నాడు.

"అన్నా, ఈ సైక్కిలు పెట్టుకోని నువ్వు సంతకీ ఇంటికీ తిరగతా ఉంటే నాకు కడుపు మండతాది. ఏనుగును కొని పేడ మోయించినట్టుండాది."

"మరి యాడికి పోయేదిరా?"

"మదురైకి అవతల పెరియార్ కాలువ ఉండాది గదా! తెల్లదొర కొండకు బొక్క పెట్టి, పడమర సముద్రానికి పోయే నీళ్ళను మన పక్కకు మళ్ళించినాడంట. గట్టు పొడుగునా దారి. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క నువ్వు. మన వంశంలో ఎవురు చూసినారన్నా అట్టాంటి నీళ్ళు?"

"పొన్నేరు దగ్గర పడతా ఉండాది."

"నీ సైక్కిలుకు అదొక దూరమా? రెండుమార్లు పోయి రావచ్చు."

పట్టమ్మాళ్ లోపలినుంచి అంతా విన్నది. ఆమెకు మొగుడితో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. చెప్పవలసింది ఎద్దుతో చెప్పేది. ఎద్దు వినేది, అదొక లాభం.

"విన్నావా రా మయిలా? మీ అయ్య నీళ్ళు చూడబోతాడంట. ఇంట్లో కడవ ఒట్టిగా ఉండాది. నింపి, దాన్ని చూస్తే చాలదా?"

తిరుపతిసామి ఎద్దు మాటకు విలువ ఇవ్వలేదు. మర్నాడే పంచె ఎగ్గట్టి, గొడుగు సైకిలు ఊచకు కట్టి, వేయించిన శనగలు మూటగట్టుకుని బయలుదేరాడు. సాత్తూరు దాటాడు. విరుదునగర్‌లో మిరపకాయల ఘాటుకు ఊరంతా తుమ్ముతుంటే, అది తన రాకకు చేస్తున్న మర్యాదగా స్వీకరించాడు. మదురైలో వైగై దాటి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ యాత్రావిశేషాలు చెప్పుకుంటూ చివరికి ఆ మహాకాలువ గట్టు ఎక్కాడు.

కాలువలో మేకలు మేస్తున్నాయి.

నీళ్ళు లేవు. అడుగున బురద ఎండి పెళ్ళలు లేచింది. కొందరు ఆడవాళ్ళు అక్కడే పిడకలు ఆరబెట్టుకున్నారు. కాలువ కావలివాడు మునియప్పన్ తూము దగ్గర నీడన కూర్చుని వక్క నములుతున్నాడు. తిరుపతిసామి అరవంలో అడిగాడు: "నీళ్ళేవయ్యా?"

"నీళ్ళా? ఎండాకాలంలో నీళ్ళెక్కడివి సామీ? ఇంకా రెండు నెలలు పోవాలి, ఆని నెలలో తూము తలుపు ఎత్తుతారు."

"కోవిల్‌పట్టి నుంచి వచ్చాను. చూడడానికే వచ్చాను."

మునియప్పన్ ఆయన్నీ సైకిలునూ దీర్ఘంగా పరిశీలించి, పక్కనున్న రాయి దులిపాడు. "అయితే ఇక్కడ కూర్చోండి. ఆని వస్తుంది."

అక్కడే వెనక్కి తిరిగి ఉంటే ఈ కథ లేదు. కాని 'నీళ్ళు చూశావా?' అని ఊరు అడుగుతుంది. 'మేకల్ని చూశాను' అని చెప్పడానికి ఇంత దూరం తొక్కిన మనిషికి నోరు రాదు. మునియప్పన్‌కూ కొంచెం జాలి కలిగినట్టుంది. నీళ్ళే చూడాలంటే పైకి, పడమటి కొండల కింది కంబం లోయకు పొమ్మన్నాడు. అక్కడ ఎండల్లోనూ వాగు పారుతుందనీ, ద్రాక్షతోటలు కూడా ఉన్నాయనీ చెప్పాడు. తిరుపతిసామి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని, అవి చాలినట్టు తానే తీర్మానించుకుని, పైకి తొక్కాడు.

ద్రాక్షతోట నిజంగానే స్వర్గం. తలకు అందేటంత ఎత్తున పందిళ్ళు, వాటి కింద పచ్చని నీడ, చేతికి తగిలేలా నల్లని గుత్తులు, మొదళ్ళలో గలగలమంటూ సన్నని పిల్లకాలువ. ఆయన సైకిలు పడేసి, ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఎవరూ లేరనుకుని తెలుగులో దేవుణ్ణి నిలదీశాడు: "ఈ నీళ్ళు మాకు ఒక్క దినం ఇచ్చింటే నీ సొత్తు ఏం పోయిండును రా సామీ?"

"ఇచ్చింటే మీరు ఎద్దుల్ని కడిగి ఉంటారు," అని పందిరి వెనకనుంచి జవాబు తెలుగులోనే వచ్చింది. అయితే అది దేవుడు కాదు, తోట యజమాని గోవిందరాజ్. "కరిసల్‌కాటు నల్లరేగడి మనిషివా? మీ పక్క పెళ్ళిచూపులకు వస్తే, పిల్ల కంటె ముందు బావిని చూపిస్తారంట గదా?"

"నీళ్ళుంటే చూపిస్తాము," అన్నాడు తిరుపతిసామి.

గోవిందరాజ్ నవ్వి, అన్నం పెట్టించాడు. తిరుపతిసామికి అక్కడే ఒక మహత్తరమైన ఆలోచన పుట్టింది. పొన్నేరు నాడు అమ్మవారికి పెట్టే పళ్ళెంలో ద్రాక్షగుత్తులు పెడితే? ఊరు పుట్టాక అమ్మవారు ద్రాక్ష చూసి ఉండదు. గుత్తులు ఎల్లుండి కోస్తామన్నారు. ఎల్లుండి దాకా ఆగాడు. ఊరికే కూర్చోనివ్వకుండా కూలివాళ్ళు ఆయన చేత తోట చుట్టూ సైకిలు తొక్కించి, పడినప్పుడల్లా ఈల వేసి ఆనందించారు. గోవిందరాజ్ గంపెడు పళ్ళు ఇచ్చి సాగనంపాడు.

దారంతా తొక్కీ తొక్కీ, పండగ ముందు సాయంత్రానికి సాత్తూరు చేరాడు. చేరీ చేరగానే వాన. పొన్నేరు ముందు వాన! తన ఇంటి చేతికి అమ్మవారు ముందుగానే సంతకం పెట్టిందని సత్రం అరుగు మీద కూర్చుని మురిసిపోయాడు. వాన తెరిపివ్వగానే, ఇంకా తెల్లవారకముందే, రాళ్ళరోడ్డు మీద బాణంలా వచ్చేశాడు. ఊరి బండిదారి చీలేచోట ఇసక్కియమ్మాళ్ మజ్జిగ పాక ఉంది. అక్కణ్ణుంచి ఊరు కోసెడు దూరం. తూర్పు తెల్లబడుతోంది. ఊళ్ళో తప్పెట మొదలైంది.

ఇసక్కియమ్మాళ్ చూసి కేకవేసింది: "అయ్యో నాయకరే! ఇంకా ఈడనే ఉండారా? సైక్కిలు నా పాకలో పడేసి పరిగెత్తండి. పొద్దు పొడిచే లోపల పోతారు."

"సైక్కిలు మీద పోతే ఇంకా ముందే పోతాను."

"కరిసల్‌లో వాన పడిండాది. మీకు నేను చెప్పాలనా?"

ఆమె చెప్పవలసిన అవసరం లేదు. తడిసిన నల్లరేగడి సంగతి ఆ నేలలో పుట్టిన దూడకు తెలుసు. కాని ఊరంతా చేలో గుమిగూడి ఉండగా, గంట కొట్టుకుంటూ, ద్రాక్షతో, సైకిలు మీద ప్రవేశించే దృశ్యాన్ని ఆయన కంబం నుంచీ కంటున్నాడు. ఆ దృశ్యంలో కాళ్ళతో పరిగెత్తే మనిషి లేడు.

ఎక్కాడు. నాలుగు బారలు పోయాడో లేదో, మన్ను చక్రానికీ దాని మీది రేకుకీ మధ్య మెత్తింది. దిగి పుల్లతో గీకాడు. ఎక్కాడు. మళ్ళీ మెత్తింది. చక్రం తిరగడం మానేసింది. తోస్తే కదల్లేదు. ఇక వదిలేసి పోదామంటే, దారిలో విడిచిన సైకిలును లోకం ఏం చేస్తుందో అనే భయం. చివరికి దాన్ని భుజాన ఎత్తుకున్నాడు. మన్నుతో కలిసి అది దూడంత బరువుంది. గంప నలిగి, ద్రాక్షరసం మెడ మీదుగా కారింది. అడుగడుక్కీ కాలికి ఒక పెళ్ళ అంటుకుని మనిషి ఎత్తు పెరిగాడు, వేగం తగ్గింది. తప్పెట జోరెక్కి, ఆగిపోయింది.

చేను చేరేసరికి సూర్యుడు తాటిచెట్టెత్తున ఉన్నాడు. తొలిచాలు నల్లగా, తిన్నగా, తడిగా మెరుస్తోంది. ఆయన వాలకం చూసి ముత్తమ్మాళ్ అనే ముసలామె "రగతం! రగతం!" అని అరిచింది.

"రగతం కాదు, ద్రాక్ష," అన్నాడు తిరుపతిసామి.

ఊరు చేలో పడి దొర్లి నవ్వింది. ఊరిపెద్ద పెరుమాళ్సామి ఒక్కడే నవ్వకుండా తీర్పు చెప్పాడు: "పొద్దు ఎవురికోసరం నిలవదు నాయనా. లక్ష్మణసామి చెయ్యి పెట్టే ముందే వాన వచ్చిండాది. అమ్మ ఇష్టం తెలిసిపాయ."

"ఆ వాన నాకు వచ్చింది!" అన్నాడు తిరుపతిసామి. ఆ మాట ఎవరికీ వినబడలేదు.

లక్ష్మణసామి తాంబూలం పళ్ళెంతో ఎదురొచ్చాడు. మొదటిది అప్పటికే తమ్ముడి నోట్లో ఎర్రగా పండింది. రెండోది అన్నకు ఇచ్చాడు.

"నీకోసరం చానాసేపు చూసినామన్నా. కాలువలో నీళ్ళు చూసినావా?"

"ఎండిపోయి ఉండాది."

"అవునన్నా. ఎండల్లో మూసేస్తారంట. విరుదునగర్ మండీలో చిన్నపిల్లోడిని అడిగినా చెప్తాడు," అన్నాడు లక్ష్మణసామి, ఎంతో మెత్తగా, అన్న మెడ మీది ద్రాక్షతొక్కను వేలితో తీసేస్తూ.

అప్పుడు చూశాడు తిరుపతిసామి: తొలిమడకకు కట్టినవి తన ఎద్దులే. ఆడది మేడి పట్టకూడదు. కాని ఎద్దుల్ని తోలుకొచ్చి నిలబెట్టవచ్చు. మొగుడు వస్తాడని పట్టమ్మాళ్ చీకటితో తోలుకొచ్చి, పసుపు పూసి, మడకకు కట్టించి, పొద్దు పొడిచేదాకా నిలబడింది. పొడిచాక, కట్టిన ఎద్దుల్ని విప్పడం అరిష్టమని, మేడి మాత్రం లక్ష్మణసామి చేతికి ఇచ్చారు. ఆమె మొగుడి వైపు చూడలేదు. మయిలాడి మెడ నిమిరింది.

"పోనీలే రా. కాళ్ళు మనవే గదా. చెయ్యి మాత్రమే వాళ్ళది."

ఆ ఏడు వానలు బ్రహ్మాండంగా కురిశాయి. ఇది ఆయనకు జరిగిన ఘోరాలన్నిటిలోకీ ఘోరం. కరువు వచ్చి ఉంటే ఊరు ఆయన గడప దగ్గరికి వచ్చి బతిమాలేది. వానకూ ఆ చేతికీ ఆ ఎద్దులకూ పొంతన కుదిరిందని పెద్దలు నిర్ణయించి, ఇకపై ప్రతి చిత్తిరైకీ ఎద్దులు అన్నవి, మేడి తమ్ముడిది అని కట్టుబాటు చేశారు. పగ్గాలు అన్న తన చేత్తో తెచ్చి అప్పగించాలి. అప్పుడే అమ్మకు తృప్తి.

బతికి ఉన్నన్నాళ్ళూ తిరుపతిసామి ఆ పగ్గాలు తెచ్చి అప్పగించాడు. పొద్దు పొడవడానికి ఎంతో ముందే వచ్చి చేలో నిలబడేవాడు. లక్ష్మణసామి మాత్రం తీరిగ్గా, స్నానం చేసి, కాఫీ తాగి, సరిగ్గా పొద్దు పొడిచేవేళకు వచ్చేవాడు.