సెరింబెట్ పాటలో అందరికీ ఒక ముక్క

సెరింబెట్‌కి ఉన్నది ఒకటే పిచ్చి: గడప తొక్కినవాణ్ణి తన పాటలో ఒక ముక్క పలికించందే బయటికి పంపడు.

మా వైపు ఎవరింటికి వెళ్ళినా, నిలబడ్డ కాళ్ళ మీదే తిరిగొచ్చేస్తామన్నా, ఓ రొట్టె తునక నోటికి తాకించందే కదలనివ్వరు. సెరింబెట్ దగ్గర రొట్టె ఏనాడూ ఉండి చావదు. ఉన్నదల్లా మైకు. అందుకని అదే నోటికి ఆనిస్తాడు.

లోకమంతా మంచు తెల్లగా పడితే పడొచ్చుగాక, కరగండ పక్కనున్న మా బొగ్గు గనుల ఊళ్ళో మాత్రం నల్లగానే పడుతుంది. అందుకే బ్యాండుకి ‘నల్లమంచు’ అని పేరు పెట్టుకున్నారు. పాట, గిటారు సెరింబెట్‌వి. డ్రమ్ములు ఒలెగ్‌వి. బేసు గిటారు వాయించేదీ, రికార్డు చేసేదీ, ఈ ఇద్దరినీ దారిలో పెట్టలేక తల బాదుకునేదీ జౌరెష్ అనే అమ్మాయి. ఒలెగ్ గ్యారేజీలో, బొగ్గు పొయ్యి పక్కన, ఉన్న ఒక్క మైకుతో, ఆ చలికాలమంతా మొదటి ఆల్బం చేశారు.

చేశారనడమే గానీ, చెయ్యనిస్తేగా! జౌరెష్ మీట నొక్కుతుంది. పాట ఊపందుకుంటుంది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంటుంది.

“మీటరు చూడ్డానికొచ్చాను.”

“చూద్దువుగానిలే! ముందు ఇక్కడ ఏదైనా అను.”

“ఏమనాలి?”

“ఏదో ఒకటి అను నాయనా, ఊరికే వెళ్ళకు!”

ఆ మీటరువాడు బెదిరిపోయి రీడింగు చదివేశాడు. అది ఆల్బంలో రెండో పాటయింది. నమాజుకి అడ్డొస్తోందని పోట్లాడ్డానికొచ్చిన ఔబాకిర్ ముల్లాని కూడా వదల్లేదు.

“పాడను గాక పాడను!” అన్నాడు ముల్లా.

“పాడొద్దు ముల్లా గారూ. దగ్గండి, చాలు.”

“నాకు దగ్గు లేదు.”

“ఈ ఊళ్ళో దగ్గులేనివాళ్ళున్నారా?”

ముల్లా గారికి నవ్వొచ్చింది, ఆ నవ్వులోంచి దగ్గొచ్చింది, అది కాస్తా మైకులోకి పోయింది. ఇక గని దారి గ్యారేజీ పక్కనించే కావడంతో షిఫ్టుకి వెళ్ళేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. సెరింబెట్ చొక్కా పట్టుకుని లోపలికి లాగేవాడు. ఒకడు ఈల వేసి పోయేవాడు, ఒకడు పెళ్ళాన్ని తిట్టి పోయేవాడు. చలి లోపలికొస్తోందని జౌరెష్ మొత్తుకున్న మొత్తుకోళ్ళన్నీ కూడా పాటల్లోకెక్కాయి. చివరికి ఆల్బం పేరే ‘తలుపు వెయ్యండి’ అయి కూచుంది.

జౌరెష్ అన్నీ ఓర్చుకుంది, ఒక్కటి తప్ప. ఆల్బం మొత్తంలో నెమ్మదైన పాట ఒకటుంది. తను రాసుకున్నది. ఊపిరి బిగబట్టి వాయిస్తున్న వేళ, షిఫ్టుకి పోతూ వాళ్ళ నాన్న కెంజెబెక్ తలుపు తోశాడు. సెరింబెట్ మైకు అందించాడు. ఆయన గొంతంటే గని అడుగునించి పైకి వినపడే గొంతు! పాట నడుమ నిలబడి ఎడాపెడా కేకలేసి వెళ్ళిపోయాడు. ఏం కేకలేశాడో వినడానికి కూడా జౌరెష్‌కి మనసొప్పలేదు. చెవులు మూసుకుని ఏడ్చింది.

“మళ్ళీ వాయిద్దాం ఆగా,” అంది. ఆగా అంటే మా భాషలో అన్న.

“మళ్ళీ ఏంటి? మీ నాన్నగారు అద్భుతంగా వచ్చారు!” అన్నాడు సెరింబెట్.

అంతలో అల్మాతీ నగరంనించి కచేరీలు పెట్టించే మార్లెన్ అనే పెద్దమనిషి కబురు చేశాడు. పాటలు నచ్చాయి, ఆ జనం గోలంతా తీసేస్తే వసంతంలో పెద్ద వేదిక ఎక్కిస్తానన్నాడు. జౌరెష్‌కి ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. చిన్నప్పట్నించీ ఆ పిల్ల కోరుకున్నది ఒకటే, ఈ ఊరు దాటిపోవాలని. గని సైరను మోగినప్పుడల్లా ఊళ్ళో ఆడవాళ్ళంతా చేతిలో పని ఆపేసి, ఎక్కువసేపు మోగి ప్రమాదమంటుందేమోనని చెవులు రిక్కించడం చూసీ చూసీ ఆమెకి విసుగెత్తింది. మొగుడి కోసం అలా చెవులు రిక్కించే బతుకు తనకొద్దనుకుంది.

“నోట్లోకి పోయిన ముక్కని వేలు పెట్టి లాగమంటావా?” అన్నాడు సెరింబెట్.

“పోనీ మా నాన్న ఒక్కణ్ణీ తీసెయ్. ఆ పాట నాది.”

“మీ నాన్నని అసలే తియ్యకూడదు.”

“ఎందుకని?”

“తియ్యకూడదంతే.”

“నీ మొండితనానికి నా బతుకు బలి!” అని గిటారు పెట్టెలో పడేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అతనితో మాట్లాడితే ఒట్టు.

ఆల్బం అలాగే బయటికొచ్చింది. అల్మాతీ వాళ్ళు చీల్చి చెండాడారు. పాట వెతుక్కోవాలంటే జనాన్ని తోసుకుంటూ పోవాల్సొస్తోందని ఒకడు రాశాడు. ఊళ్ళో ఆదరణ ఇంకో తీరు. గనివాళ్ళ క్లబ్బులో వినిపిస్తామంటే హాలు కిటకిటలాడింది. తీరా చూస్తే ఎవడి ముక్క కోసం వాడొచ్చాడు. అది రాగానే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, టోపీ పెట్టుకుని లేచిపోయాడు. చివరి పాటకి మిగిలింది సెరింబెట్టూ, ఎవరో తాగి నిద్రపోయినాయనా. మార్లెన్ మళ్ళీ కబురు చెయ్యలేదు.

వసంతం వచ్చింది. వేదిక రాలేదు. సైరను మోగింది, మోగుతూనే ఉంది. గనిలో గ్యాసు అంటుకుంది. దిగినవాళ్ళలో చాలామంది పైకి రాలేదు. కెంజెబెక్ రాలేదు.

సెరింబెట్ ప్రతి ఇంటి పాడె మోశాడు. ఎప్పుడూ వాగేవాడు నోరు మూసుకుంటే చూడ్డానికే భయమేసింది.

పోయిన నలభయ్యో రోజు పెట్టే విందుకి కెంజెబెక్ ఇంట్లో షెల్పెక్ రొట్టెలు వేయించారు. చుట్టాలంతా కూచున్నారు. సెరింబెట్ తలుపు దగ్గరే ఒదిగి కూచున్నాడు. ఉన్నట్టుండి జౌరెష్ వాళ్ళమ్మ బాల్కియా అంది, “ఆ పాటలో మీ నాన్న గొంతుందటగా. నన్నొక్కసారి విననీవే.”

చుట్టాలు గతుక్కుమన్నారు. “చావింట్లో సంగీతమా! ఏడాదైనా తిరక్కుండానా!”

“గొంతొక్కటే విడదియ్యి తల్లీ,” అంది బాల్కియా.

“రాదమ్మా,” అంది జౌరెష్. “ప్రయత్నించాను. ఉన్నది ఒక్క మైకు. డ్రమ్ములూ నాన్నా కలిసిపోయారు.” అంటూనే భోరుమంది.

తలుపు దగ్గరనించి సెరింబెట్ బాల్కియాని అక్కా అన్నట్టు పిలిచాడు. “అపా, సైన్యానికి వెళ్ళేవాడు కొరికిన రొట్టెని దాచిపెడతాం కదా, మిగతాది తినడానికి తిరిగొస్తాడని. గనిలోకి దిగేవాళ్ళకి ఎవరు దాస్తారు? అందుకే తలా ఒక ముక్క నా దగ్గర దాచుకున్నాను. పని చెయ్యలేదపా. నా రొట్టె మంచిది కాదు.”

“మరి మీటరువాడో?” అంది జౌరెష్. “ముల్లా గారో?”

“వాళ్ళనెందుకు పట్టుకున్నానంటే... గనివాళ్ళనే పట్టుకుంటే భయపడతారు కదా, చావుకి లెక్కపెడుతున్నానని.”

పాట పెట్టొచ్చా అన్నట్టు అందరూ ఔబాకిర్ ముల్లా వైపు తిరిగారు. ముల్లా గడ్డం దువ్వుకున్నాడు.

“చావింట్లో ఏడాదిపాటు సంగీతం వినకూడదు. అది నిజం. అయితే ఆ ఆల్బం నేను మొదట్నించి చివరిదాకా విన్నాను. నా దగ్గు ఎక్కడుందో చూడాలిగా మరి! దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, అందులో సంగీతం అనేది ఎక్కడా లేదు. పెట్టుకోండమ్మా.”

అల్మాతీ పత్రికలన్నీ తిట్టినా చలించనివాడు సెరింబెట్. “మరీ అంతమాటా ముల్లా గారూ!” అని గొల్లుమన్నాడు.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇల్లంతా నవ్వింది.

జౌరెష్ పాట పెట్టింది. నెమ్మదిగా బేసు మోగింది. తలుపు కిర్రుమంది. ఆమె ఇన్నాళ్ళూ మనసుపెట్టి వినలేకపోయిన కేకలు ఇప్పుడు మాట మాటగా వినపడ్డాయి.

“ఈ పొగగొట్టం ఎవడు పెట్టాడ్రా వంకరగా? పొగంతా లోపలికే కొడుతోంది! మా పిల్లని చంపుతారా ఏమిటి? ముట్టుకోకండి! రేపు నేనొచ్చి సరిచేస్తా!”

బాల్కియా కళ్ళు తుడుచుకుని, ఎదురుగా ఆయనే ఉన్నట్టు చెయ్యి విసిరింది. “రేపట! మా ఇంటి కిటికీ కూడా పెళ్ళైన దగ్గర్నించీ రేపే! ఈ మనిషి రేపు ఎప్పుడొచ్చింది గనక!”

నవ్వుతూనే సెరింబెట్ వైపు తిరిగింది. “ఇంతకీ సరిచేశారా?”

“లేదపా. ముట్టుకోవద్దన్నారుగా.”

“ఓరి దేవుడా! ఇంకా ఆ పొగలోనే చస్తున్నారా? లేవండి ఇద్దరూ! ఆ గొట్టం సరిచేసొచ్చాకే భోజనం!”

జౌరెష్ లేచింది. మూలనున్న నాన్న పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా నడిచి ఆగింది. వెనక్కి తిరక్కుండానే పిలిచింది.

“రా ఆగా. పైకి నేనెక్కుతా. నువ్వు నిచ్చెన పట్టుకో.”