ఒక్క గడి

నాకు చదరంగం నేర్పింది అమ్మమ్మ. ఆమె ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది, మొదటి ఎత్తులో కూడా. రాజుకి మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కుంది. గుంటూరు నుంచి బోయిగూడకి వచ్చాక కూడా ఆమె ఆ పద్ధతి మార్చలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా గళ్ల బల్ల ముందు కూర్చునేది.

దాంతో నా మొదటి టోర్నమెంటులోనే పరువు పోయింది. అలవాటు కొద్దీ రాజుని గుర్రంలా దూకించాను. ఎదుటి అబ్బాయి చెయ్యెత్తి అంపైర్‌ని పిలిచాడు. హాలంతా ఒకటే నవ్వులు. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను చూసి నవ్వితే నవ్వారు, మా అమ్మమ్మ ఆటని చూసి నవ్వుతారా?

ఆ తర్వాత ఏడాదంతా పద్మారావు నగర్‌లో ఒక కోచ్ నా చేత ఆట మొదట్లో వేసే ఓపెనింగులు బట్టీ పట్టించాడు. ఆయన జట్టులో ఒక్క చోటే ఖాళీగా ఉంది. ఈసారి టోర్నమెంటులో నా ఆట చూసి ఇస్తానన్నాడు. తీరా మొదటి రౌండులో నా ఎదుట కూర్చున్నది ఆ చెయ్యెత్తినవాడే.

"ఏందీ, ఈసారి సుత రాజు ఎగుర్తడా?" అన్నాడు.

బట్టీ పట్టిందంతా పక్కన పెట్టేశాను. రూల్సు వాళ్లవే, ఆట మాత్రం మా అమ్మమ్మది. ఒక బంటుని ఒక్క గడి జరిపాను. తర్వాత ఇంకో బంటుని, అదీ ఒక్క గడే. వాడు రెండేసి గళ్లు తోసుకుంటూ మీదికొచ్చాడు. "తొందరేంటే, వాణ్ని రానీ" అనేది అమ్మమ్మ. రానిచ్చాను. అంత దూరం వచ్చిన బంట్లని వాడు కాపాడుకోలేకపోయాడు. వాటి వెనక ఏర్పడ్డ సందులోంచి నా గుర్రం దూరి, రాజుకీ మంత్రికీ ఒకేసారి గురిపెట్టింది. మంత్రి పోయాక వాడు ఓటమి ఒప్పుకుని లేచాడు.

కోచ్ మెట్ల దగ్గర ఆపాడు.

"ఏందమ్మా గిది? ముసలోళ్ల ఆట! మళ్ల గిట్లనే ఆడితే టీంల నీ పేరుండదు, చెప్తున్న."

"గెలిచాను కదా సార్!"

"గెలుసుడు కాదు, పద్ధతి ఉండాలె."

పద్ధతట! మరి మా అమ్మమ్మది ఏమిటి?

రెండో రౌండుకి గంట కొట్టారు. ఆయన చేతులు కట్టుకుని నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఆ జట్టులో చోటు నాకు కావాలి. చాలా కావాలి. బంటు మీద వేలు పెట్టి ఆయన వైపు తిరిగాను. ఆయన కళ్లలోకి చూస్తూనే, ఒక్క గడి జరిపాను.