వద్దన్న పద్యం

కిందటి నెల తెనాలిలో ఒక పెళ్ళికి మైకు సెట్టు బిగిస్తుంటే రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది. "మాస్టారింటికి షామియానా, కుర్చీలు పంపించు బావా" అన్నాడు మా బావమరిది.

"ఏంటి విశేషం? ఈ వయసులో మళ్ళీ పెళ్ళా?" అన్నాను.

వాడు నవ్వలేదు. అప్పుడర్థమైంది, మాస్టారు పోయారని. షామియానా, కుర్చీలు బండికెక్కించి నేనూ రేపల్లె బయల్దేరాను.

ఆయన మా బళ్ళో తెలుగు మాస్టారు. ఏడో తరగతితో నేను బడి మానేసినా ఆయన నన్ను మానలేదు. దేవుడు వేసిన మొదటి తోట గురించి, ఆ దేవుడికి ఎదురుతిరిగిన దూత గురించి పెద్ద పద్యకావ్యం రాశారు. మీరు విని ఉండరు, అచ్చవలేదు. దాన్ని నాటకంగా ఆడేవాళ్ళం. దూత వేషం నాకిచ్చారు. "మాట విననివాడు ఎట్టా ఉంటాడో నీకు నేర్పక్కర్లేదు కదయ్యా" అన్నారు.

పద్యాలు తెనాలి రైల్లో నోటికి నేర్పేవారు. వేమూరు దాటాక పొలాల మీద మంచు తెల్లగా పరుచుకునేది. ఆయన కిటికీ పక్కన కళ్ళు సగం మూసి పాడుతుంటే, రైలు ఆగిపోయి చేలే కదిలిపోతున్నట్టుండేది. ఆ మంచులో ఎక్కడో ఆ తోట ఇంకా ఉందని, దాని తలుపు తీసే ఉందని అనిపించేది.

"మాస్టారూ, కొయ్యొద్దన్న ఆ పండు చెట్టుకి దేవుడు నాలుగు ముళ్ళకంపలు కట్టించుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదండీ?" అనడిగాను ఒకసారి.

మాస్టారు కళ్ళు తెరిచి నా వైపు తిరిగారు. "కంప కట్టాక నువ్వు కొయ్యకపోతే ఆ గొప్ప కంపది. నీదెట్టా అవుద్ది? వద్దని చెప్పాడు. చెట్టుని మాత్రం చేతికందేట్టే ఉంచాడు. అంత నమ్మడం మనవల్ల కాదయ్యా."

'వంగే నడుమిచ్చినవాడే వంగని మనసెందుకిచ్చాడు' అని దూత అడిగే పద్యం ఒకటుంది. బాపట్లలో దానికి జనం ఆగకుండా 'వన్స్ మోర్' కొట్టారు. దేవుడి పద్యాలకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "దేవుడు ఓడిపోయాడండీ మాస్టారూ!" అంటూ తెర వెనక్కొచ్చాను.

"పడాలయ్యా చప్పట్లు. గర్వం వినసొంపుగా లేకపోతే అంతమంది దూతలు వాడి వెనకెందుకు పోతారు? నువ్వూ పోతున్నావు, చూసుకో" అని నా అట్ట రెక్కలు విప్పేశారు.

ఆ పద్యం తీసేస్తేనే చర్చిలో ఆడనిస్తామన్నారు పెద్దలు. మాస్టారు తియ్యలేదు. తన కావ్యం సొంత చర్చిలో వినపడాలన్న ఆయన కోరిక అట్టాగే ఉండిపోయింది.

ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆ చర్చిలోనే మాస్టారికి ఆఖరి ప్రార్థన. పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, "ఆయన పద్యం ఒకటి పాడు. ఆ దూతది మాత్రం వద్దు బాబూ" అన్నారు. మైకు నా చేతిలో పెట్టి వెళ్ళి కూర్చున్నారు. మైకు ఆపెయ్యడానికి స్విచ్చి దగ్గర ఎవరినీ పెట్టలేదు.

కంప లేదు. మాస్టారిని పడుకోబెట్టిన పెట్టె వంక చూస్తూ నిలబడ్డాను. తర్వాత దూత పద్యమే ఎత్తుకున్నాను. బాపట్లలోలాగా గొంతు పెంచలేదు. రైల్లో ఆయన పాడినట్టే, నాలో నేనే అడుగుతున్నట్టు పాడాను.

పద్యం అయిపోయింది. అయ్యగారు తలొంచుకునే ఉన్నారు.

ముందు బెంచీ మీద, కళ్ళు మూసుకుని కూర్చున్న మాస్టారి భార్య మెల్లగా అన్నారు. "వన్స్ మోర్."

అయ్యగారి వంక చూశాను. ఆయన తలెత్తలేదు, వద్దనీ అనలేదు. మళ్ళీ ఎత్తుకున్నాను. తెరిచి ఉన్న తలుపులోంచి మంచు కొంచెం కొంచెం లోపలికొస్తోంది. ఎక్కడో తెనాలి రైలు కదిలింది.