ఎటోబికో ఇంట్లో మేడ మీద గది

ఆంటీ పోయిన సంగతి నాకు గురువారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తెలిసింది. వాళ్లమ్మాయి ఇంగ్లిష్‌లో పంపిన మెసేజ్‌లో రెండే వాక్యాలున్నాయి. అమ్మ ఈ ఉదయం హాస్పిటల్లో పోయింది, శనివారం ఫ్యూనరల్ హోమ్‌కి రండి. ఫోను బోర్లించి పెట్టి, చేతిలో ఉన్న షిప్‌మెంట్ షీటు పూర్తిచేసి పంపించి, అప్పుడు లేచి బయటికి నడిచాను. పని సగంలో వదిలేసి వస్తే ఆవిడకి నచ్చేది కాదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. టొరంటోలో ఎటోబికో వైపు, ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో ఆవిడ ఇల్లు. ఆ ఇంట్లో మేడ మీద గదిలో నేను రెండేళ్లు అద్దెకున్నాను. ఇక్కడి తెలుగువాళ్ల ఈ పత్రిక చదివేవాళ్లలో ఆవిడ చేతి భోజనం తిన్నవాళ్లు కొందరైనా ఉంటారు. తినని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా గురించి కొంచెం చెప్పాలి. నేను పుట్టింది ఒంగోలులో. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మకి నర్సు ఉద్యోగం వచ్చి ఇంగ్లండులోని లెస్టర్ వెళ్లాం. చదువు అక్కడే, పాస్‌పోర్టూ అక్కడిదే. డిగ్రీ అయ్యాక రెండేళ్లు కాల్ సెంటర్‌లో పనిచేశాను. ఈలోగా నాతో చదివినవాళ్లు ఒక్కొక్కరే దేశం దాటుతున్నారు. ఒకడు సిడ్నీలో కాఫీ షాపులో చేరాడు, ఒకమ్మాయి దుబాయ్‌లో టీచరైంది. బ్రిటిష్ కుర్రకారుకి కెనడావాళ్లు ఇచ్చే రెండేళ్ల వర్క్ పర్మిట్‌కి నేనూ అప్లై చేశాను. వచ్చింది.

ఇక్కడి తెలుగువాళ్లకి నేనొక వింత. ఎక్కడ కలిసినా ఒకటే ప్రశ్న: "బ్రిటిష్ పాస్‌పోర్టు పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చావ్ బ్రో?" అమ్మ ఫ్లాట్‌లో, చిన్నప్పటి గదిలో, స్కూలు రోజుల పోస్టర్ల కిందే పాతికేళ్లు నిండాయని చెప్పలేక నవ్వేసేవాణ్ణి.

ఆంటీ ఆ ప్రశ్న అడగలేదు. తలుపు తీసి, నన్నూ నా రెండు సూట్‌కేసుల్నీ చూసి, "అన్నం వండటం వచ్చా?" అన్నారు.

వచ్చన్నాను.

"కుక్కర్లోనా, గిన్నెలోనా?"

"కుక్కర్లో."

"అయితే రాదన్నమాట. బూట్లు అక్కడ విప్పి లోపలికి రా."

ఆవిడది తెనాలి. విమానాల్లో పెట్టే భోజనాలు తయారుచేసే పెద్ద వంటశాలలో ఇరవై ఏళ్లు ట్రేలు సర్దారు. నేను వెళ్లేటప్పటికి రిటైరయ్యారు గానీ ఆ అలవాట్లు పోలేదు. ఫ్రిజ్‌లో ప్రతి డబ్బా మీదా తెల్ల టేపు ముక్క, దాని మీద వండిన తేదీ, టైము. ఒకసారి మిగిలిన పప్పు టేపు అంటించకుండా పెట్టాను. పొద్దున చూస్తే డబ్బా కడిగి బోర్లించి ఉంది. "తేదీ లేనిది తిండి కాదబ్బాయ్, అనుమానం" అన్నారు. ఇంటి మీదుగా విమానం వెళ్తే తలెత్తకుండానే "ఫ్రాంక్‌ఫర్ట్" అనో "లండన్" అనో అనేవారు. అందులో ఎంతవరకు నిజముందో నేనెప్పుడూ సరిచూడలేదు.

ఆదివారం పొద్దున్నపూట నాకింకో డ్యూటీ ఉండేది. ఆవిడకి చూపు మందగించింది. టాబ్లెట్‌లో తెలుగు పేపరు తెరిచి నేను పైకి చదవాలి. నా తెలుగు చదువు ఒంగోలులో మూడో క్లాసుతో ఆగిపోయింది. ఒత్తుల దగ్గర తడబడేవాణ్ణి. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "మళ్లీ చదువు" అనేవారు. ఒకసారి విసుక్కుని, ఆ మంత్రి ఏమన్నాడో మీకర్థమైంది కదా ఆంటీ అన్నాను. "ఆయనేమంటే నాకేం? నువ్వు సరిగ్గా అన్నావా లేదా అని చూస్తున్నా" అన్నారు. ఇవాళ ఈ నాలుగు పేజీలు రాయగలుగుతున్నది ఆ చిక్కుడుకాయల పక్కన కూర్చోబట్టే.

ఇప్పుడు అసలు సంగతి. నేను మొదట చేరింది టొరంటో పక్కనే వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో, లోడింగ్ పనికి. ఇక్కడ పీఆర్, అంటే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి, రావాలంటే ఏడాది పని అనుభవం కావాలి, అదీ నైపుణ్యం ఉన్న పనిగా ప్రభుత్వం లెక్కించేదై ఉండాలి. లోడింగ్ ఎన్నేళ్లు చేసినా ఆ లెక్కలోకి రాదు. సూపర్‌వైజర్ పనైతే వస్తుంది. పది నెలలు గడిచాక మా టీమ్ లీడ్, కరీంనగర్ ఆయన, నన్ను పక్కకి పిలిచాడు.

"తమ్మీ, నీకు సూపర్‌వైజర్ అని లెటర్ ఇప్పిస్త. మొదటి రోజు నుంచే ఆ పని చేసినవని రాస్తరు. మేనేజర్‌తోని మాట్లాడిన."

"నేను సూపర్‌వైజర్ని కాదు కదన్నా."

"గా ఇమిగ్రేషన్ ఆఫీసోళ్లు వచ్చి చూస్తరా? అందరు చేసేదే. ఒక్క కాగితం, నీ లైఫ్ సెట్."

అతను నా మంచి కోరే చెప్పాడని ఇప్పటికీ అనుకుంటున్నాను. వారం తిరక్కుండా లెటర్ చేతిలో పెట్టాడు. దాన్ని ఇంటికి తెచ్చి, సంబరంగా ఆంటీ ముందు టేబుల్ మీద పెట్టాను. ఆవిడ భూతద్దం తెచ్చుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు.

"పన్నెండు మంది నీ కింద పనిచేశారని ఉంది. వాళ్ల పేర్లు చెప్పు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఇది పంపకు."

నాకు ఒళ్లు మండింది. "మీకేం ఆంటీ, సిటిజన్‌షిప్ వచ్చేసింది, ఇల్లుంది. నేను వెనక్కెళ్లి మళ్లీ ఆ కాల్ సెంటర్‌లో కూర్చోవాలి. ఒక్క కాగితంతో ఎవరికి నష్టం?"

ఆవిడ లేచి స్టవ్ కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"నాకో తమ్ముడున్నాడు. వాణ్ణి ఇక్కడికి తెచ్చుకోవాలని ఇలాంటి కాగితమే పుట్టించాను. వాడు వద్దక్కా అన్నాడు. ఎవరు చూస్తార్రా అని నేనే పంపించాను. చూశారు. వాడు పనిచేశాడని రాసిన ఆఫీసుకి ఫోన్ చేసి అడిగారు. అబద్ధం రాశాడని, ఐదేళ్లు మళ్లీ అప్లై చెయ్యకూడదన్నారు. సంతకం వాడిది, బుద్ధి నాది. ఐదేళ్లయ్యేసరికి వాడికి వయసు దాటిపోయింది. అప్పట్నుంచి నాతో మాట్లాడడు. నేను ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తుతుంది."

లెటర్ తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయాను. రెండు వారాలు మా ఇద్దరి మధ్యా మాటలు అంతంతమాత్రం. ఆవిడ వండిపెట్టేవారు, నేను తిని లేచేవాణ్ణి. ఆ ఆదివారాలు పేపరు చదవలేదు. లెటర్ సొరుగులోనే ఉండిపోయింది. నిజాయితీ పొంగుకొచ్చి మానేశానని చెప్పను. పట్టుబడతానన్న భయంతో మానేశాను. చాలా రోజుల తర్వాత ఆ మాట ఆవిడతో అంటే, "ఏదైతేనేం, మానేశావుగా" అన్నారు.

మూడో ఆదివారం పొద్దున ఆవిడే కేకేశారు. పేపరు కోసం అనుకున్నాను.

"ఆ గోడౌన్లో నువ్వు చేసే పనేమిటి?"

"లోడింగ్."

"లోడింగంటే?"

"సామాను లారీల్లోకి ఎక్కించడం."

"ఎలా ఎక్కిస్తావ్? ఏది ముందు, ఏది వెనక?"

అలా గంటసేపు అడిగారు. చివరికి నా నోటి నుంచి ఒక సంగతి వచ్చింది. ఆఖరి స్టాపులో దిగే సరుకు అన్నిటికంటే ముందు ఎక్కాలి. ఆ వరస తప్పి, ఎక్కించినవే మళ్లీ దించాల్సి వస్తుంటే, ఏ లారీకి ఏ వరసో నేనొక చీటీ తయారుచేసి తలుపు దగ్గర అంటించాను. దాంతో ఆ తిప్పలు చాలావరకు తగ్గాయి. నాకది చెప్పుకోదగ్గ విషయమని ఎన్నడూ తోచలేదు.

"ఇదీ వేరే ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూలో చెప్పాల్సింది" అన్నారు ఆంటీ. "నువ్వెవరివో చెప్పకు. ఏం చేశావో చెప్పు."

మూడో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. ఎటోబికోలోనే ఒక చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. ఏ సరుకు ఏ రోజు ఏ బండిలో వెళ్లాలో ప్లాన్ చేసే పని. లెక్కలోకి వచ్చే పని. అక్కడ ఏడాది నిండగానే పీఆర్‌కి అప్లై చేశాను. ఈసారి లెటర్లో ఉన్నదంతా నేను చేసిందే. కానీ జవాబు రాకముందే పర్మిట్ అయిపోయింది. లెస్టర్ వెళ్లక తప్పలేదు. ఆ దొంగ లెటర్ పంపి ఉంటే ఈపాటికి పని అయిపోయేదేమోనన్న ఆలోచన ఆ వారమంతా నన్ను వదల్లేదు. ఆంటీకి అది తెలుసనే అనుకుంటాను. ఆ ఊసెత్తలేదు.

ఎయిర్‌పోర్టుకి రమ్మంటే రాలేదు. "అటొస్తే డ్యూటీకెళ్తున్నట్టుంటుంది నాకు" అన్నారు. పులిహోర డబ్బా చేతికిచ్చి, "వాళ్లు పెట్టేది తినకు. అదెలా సర్దుతారో నాకు తెలుసు" అన్నారు.

లెస్టర్‌లో ఎనిమిది నెలలు. అదే గది, అవే పోస్టర్లు, అదే కాల్ సెంటర్. ప్రతి ఆదివారం వీడియోలో పేపరు చదివి వినిపించేవాణ్ణి. పీఆర్ వచ్చిందని మెయిల్ రాగానే ఆవిడకే ఫోన్ చేశాను. "పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో చూశావా?" అన్నారు.

తిరిగొచ్చేసరికి నా గదిలో స్కాట్లాండ్ అమ్మాయి ఉంది. నాలాగే రెండేళ్ల పర్మిట్ మీద వచ్చి, ఒక క్లినిక్‌లో పనిచేస్తోంది. నా మొహం చూసి ఆంటీ, "నీకోసం ఖాళీగా ఉంచడానికి అదేమన్నా మ్యూజియమా?" అన్నారు. వేరే ఇల్లు దొరికేదాకా నెల రోజులు కింద హాల్లో సోఫా మీద పడుకున్నాను. ఆ అమ్మాయి అప్పటికే అన్నం గిన్నెలో వండి గంజి వారుస్తోంది.

పోయేముందు రెండు వారాలు ఆంటీ హాస్పిటల్లోనే ఉన్నారు. గుండె బలహీనపడింది. చివరిసారి వెళ్లినప్పుడు పేపరు చదువుతుంటే కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని ఆపాను. కళ్లు తెరవకుండానే, "ఆగావేం?" అన్నారు. పూర్తిచేసి వచ్చాను.

శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో పెట్టె దగ్గర నిలబడి వాళ్లమ్మాయి వీడియో కాల్‌లో తెనాలిని కలిపింది. తెల్లజుట్టు పెద్దాయన, అచ్చం ఆంటీ ముక్కే. ఆయనెవరో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "కొంచెం దగ్గరగా పెట్టమ్మా" అన్నారు. పెట్టింది. చాలాసేపు చూశారు. "అక్కా" అన్నారు.

అంతా అయ్యాక పార్కింగ్‌లో ఏడెనిమిది మందిమి మిగిలాం. స్కాట్లాండ్ అమ్మాయీ నేనూ తప్ప ఒకరికొకరం ముక్కూ మొహం తెలియదు. మాంచెస్టర్ నుంచి వచ్చి ఇక్కడ ఎలక్ట్రీషియన్‌గా స్థిరపడినతను, వేల్స్ నుంచి వచ్చిన స్కూలు టీచరు, హైదరాబాద్ అమ్మాయి, స్కాట్లాండ్ అమ్మాయి, ఇంకొందరు. అందరం ఎప్పుడో ఒకప్పుడు ఆ మేడ మీది గదిలో ఉన్నవాళ్లమే. "నువ్వు మంచం ఎటు వేసుకున్నావ్?" అని ఎలక్ట్రీషియన్ నన్నడిగాడు. కిటికీ కింద అన్నాను. "అలా వేస్తే అల్మారా తలుపు తెరుచుకోదు కదా" అంది హైదరాబాద్ అమ్మాయి. అతను తన కారు బానెట్ మీద పేరుకున్న మంచులో వేలితో గది గీశాడు. ఇది తలుపు, ఇది కిటికీ, ఇక్కడ అల్మారా. మేం ఒక్కొక్కరం వంగి, మా మంచం ఉన్నచోట వేలు పెట్టి చూపించాం. మంచు ఇంకా పడుతోంది. గీతలు పూడిపోతుంటే అతను మళ్లీ గీస్తున్నాడు.