తువ్వాలు కూర్చున్న రైలు

జపాన్‌లో ఒక ముసలాయనతో పందెం వేసుకుని, రైల్లో రెండు గంటలు నిలబడి గెలిచినాను. మొన్న ఆత్మకూరు బస్టాండులో టీ తాగేవాళ్లకి ఇట్లాగే చెప్పినాను. నోళ్లు తెరుచుకుని విన్నారు.

రాసేటప్పుడు అంత ధైర్యం చాలదు. రెండు గంటలు కాదు, పావుగంట. పందెం ఎవరూ వేసుకోలేదు. గెలిచింది నేనూ కాదు.

అక్కడ కూతురి దగ్గర కొన్నాళ్లు ఉన్నాను. తోపులాట లేని ఊళ్లో ఇంత అలసట ఎట్లా వస్తుందో! ఆ రోజు మోకాళ్లు చూపించుకుని ఇద్దరం ఆసుపత్రి నుంచి వస్తున్నాం. ఎక్కడైనా కూలబడితే చాలనిపించింది. రైలు తలుపు తెరుచుకోగానే మూల సీటొకటి ఖాళీగా కనబడింది. చెయ్యి ఊరుకుంటుందా? ఉదయగిరి బస్సు కిటికీలోంచి వేసినట్టు, భుజం మీది తువ్వాలు విసిరినాను. సరిగ్గా సీట్లో పడింది.

అందరూ చూశారు. కూతురు చెవిలో, "నీకు దండం పెడతా నాయనా! ఇక్కడ నీ సీటుకి ఎగబడేవాళ్లు ఎవురుండారు?" అంది.

తీరా దగ్గరికి పోతే, నాకంటే బాగా పెద్దాయన ఒకాయన ఆ సీటు ముందు నిలబడి ఉన్నాడు. ఆయన ముందు నేనెట్లా కూర్చునేది? కూర్చోమని చెయ్యి చూపించినాను. ఆయన నడుం వంచి, నన్నే కూర్చోమన్నాడు. నేనూ వంగినాను. మోకాలు కలుక్కుమంది.

"ముసలోడివి కూర్చో అంటే వీళ్లకి రోషం. నువ్వు కూర్చో నాయనా," అంది కూతురు.

రోషం మనకి మాత్రం లేదా? ఇద్దరం నిలబడినాం. తువ్వాలు దర్జాగా కూర్చుని వచ్చింది.

మేం దిగేటప్పుడు ఆయన దాన్ని మడతపెట్టి, రెండు చేతులతో అందించినాడు. నేను పోయి ప్లాట్‌ఫారం బెంచీ మీద పడినాను. రైలు కదులుతుంటే చూశాను. ఆయన నిలబడే ఉన్నాడు. సీటు ఖాళీగానే ఉంది.

మొన్న టీ అయినాక ఉదయగిరి బస్సు కిటికీలోకి అదే తువ్వాలు విసిరినాను. జనంలో పడి ఎక్కేసరికి దాని మీద ఒకడు కూర్చుని ఉన్నాడు.

"ఏంది అబ్బయా, తువ్వాలు కనబళ్లా?"

"కనబడింది. మెత్తగా ఉండాది. దానికి టికెట్ తీసినావా?" అన్నాడు. అంతలో నేను మోకాలు పట్టుకోవడం చూసి, పక్కవాణ్ణి మోచేత్తో నెట్టినాడు. "జరగరా, పెద్దాయన నిలబళ్లేడు."

ముసలోడివి అని మొహం మీదే అన్నట్టు. రోషం రావాల్సింది, రాలేదు. దొరికిన జానెడు చోటులో కూలబడినాను.

"జపాన్ రైల్లో మూడు గంటలు నిలబడినా అబ్బయా," అన్నాను.