ఎర్త్ వైరు కింద నీలం రంగు

చిక్కడపల్లిలో మా ఇంటి పక్కన ఖాళీ జాగాలో ఒక పాత ట్రాక్టరు ఉండేది. అది పొలం ముఖం ఎన్నడూ చూడలేదు. వెనక నీళ్ల ట్యాంకు తగిలించుకొని అశోక్ నగర్ హాస్టళ్లకు నీళ్లు మోయడమే దాని పని. మా నాన్న పెట్టిన వ్యాపారం అది. ఆయన పోయాక ట్రాక్టరుతో పాటు దాని డ్రైవరు కూడా నా కింది మనిషయ్యాడు. వయసులో నాకంటే చాలా పెద్దవాడు. నాన్న అతన్ని 'తమ్మీ' అని పిలిచేవాడు. నేను ఏమీ పిలిచేవాణ్ని కాదు. 'ఏయ్, జర ఇటు రా' అంటే సరిపోయేది నాకు. అతను నన్ను 'సార్' అనేవాడు.

2012 ఎండాకాలంలో కరెంటు కోతలు విపరీతంగా ఉండేవి. ట్యాంకులోంచి హాస్టలు సంపులోకి నీళ్లు దిగేదాకా డ్రైవరుకు పని ఉండదు. ఆ కాసేపట్లో సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు ఫోన్లు పట్టుకొని అతని చుట్టూ చేరేవాళ్లు. ట్రాక్టరు బ్యాటరీ నుంచి సన్నటి తీగ ఒకటి లాగి, కార్లలో ఉండే ఛార్జింగు సాకెట్టు సీటు పక్కన బిగించాడతను.

"అన్నా, నాది బందయితున్నదే. ముందుగాల నాది పెట్టు."

"నీకెందుకురా ఫోను? గ్రూప్స్ రాస్తవా, పిల్లతోని ముచ్చట పెడ్తవా?"

"రెండూ ఫోన్లనే గదనే!"

గల్లీ అంతా నవ్వేది. అతన్ని వాళ్లు ట్యాంకరన్న అనేవారు. ఏ ఊరి నుంచి ఎవరు వచ్చారో, ఎవరు ఏ పరీక్షకు చదువుతున్నారో అతనికి తెలుసు. ఆ గల్లీలో అతనికి ఉన్న మర్యాద నాకు లేదు. అది నాకు నచ్చేది కాదన్న సంగతి అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తెలుసు.

ఆ ఏడాది చలికాలం నుంచి ట్రాక్టరు స్టార్టింగు మందగించింది. తాళం తిప్పితే ఇంజిన్ని తిప్పే మోటారు, మేము సెల్ఫ్ అంటాం, మోకాళ్ల నొప్పులున్న ముసలాయన మెట్లెక్కినట్టు గుర్‌ర్... గుర్‌ర్... మని తిరిగి ఆగిపోయేది. కొత్త బ్యాటరీ వేయించాను. కొన్నాళ్లు ఫరవాలేదనిపించి మళ్లీ మొదటికొచ్చింది. సెల్ఫ్ ఊడదీయించి లోయర్ ట్యాంక్ బండ్‌లో ఒక దుకాణంలో కార్బన్లు, బుష్షులు మార్పించాను. ఫలితం లేదు. విచిత్రమేమిటంటే లైట్లు తళతళా వెలిగేవి, హారను గల్లీ అదిరేలా మోగేది. సెల్ఫ్ దగ్గరకొచ్చేసరికే నీరసం. అక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది. బ్యాటరీలో బలం ఉంది, అది సెల్ఫ్ దాకా చేరడం లేదు. ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఇంజిను ఆపితే మళ్లీ అందుకోదని డ్రైవరు వాలు చూసి బండి ఆపడం నేర్చుకున్నాడు. పిల్లలు వెనక నుంచి తోసేవారు. "ఫోన్ల కిరాయి గిట్ల వసూలు చేస్తున్నవా అన్నా?" అని రొప్పుతూనే హాస్యమాడేవారు.

ఒక పరీక్ష రోజు పొద్దున మాత్రం వాలున్న చోట జాగా దొరకలేదు. ట్రాక్టరు సరిగ్గా గల్లీ మలుపులో మొరాయించింది. వెనక ట్యాంకు అడ్డం. పిల్లలు పిలిపించుకున్న ఆటోలు లోపలికి రాలేవు. హాల్ టికెట్లు చేతుల్లో పట్టుకొని పిల్లలు అరుస్తున్నారు. ఫోను రాగానే నేను స్కూటరు మీద వెళ్లాను. డ్రైవరు చెమటలతో తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఆ పక్కనే సాకెట్టుకు ఎవరిదో ఫోను వేలాడుతోంది.

దాన్ని పీకి చూపిస్తూ అరిచాను. "గిదీ సంగతి! బ్యాటరీ అంత వీళ్లకు పోస్తే బండెట్ల లేస్తది?"

"సార్, ఫోనుకు ఎంత పోతది సార్..."

"నువ్వు నాకు చెప్తవా? నా బ్యాటరీ కరెంటు అమ్ముకుంటున్నవా ఏంది?"

ఏ పిల్లవాడూ అతనికి పైసా ఇచ్చింది లేదు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఆ మాట నా నోట్లోంచి వచ్చింది, వచ్చాక వెనక్కి తీసుకోలేదు. ఆ ఫోను తనదని ఒక పిల్లవాడు ముందుకొచ్చి ఏదో చెప్పబోతే, డ్రైవరే చేత్తో వద్దని ఆపాడు. అందరూ కలిసి ట్రాక్టరును తోశారు. అది స్టార్టయింది. దాన్ని మా జాగాలో పెట్టి, తాళంచెవి మా గడప మీద ఉంచి వెళ్లిపోయాడతను. మర్నాడు రాలేదు. నేనూ పిలవలేదు.

కొత్త మనిషి దొరికేదాకా నేనే నడిపాను. సాకెట్టు తీగ కత్తిరించేశాను. అయినా సెల్ఫ్ అదే గుర్‌ర్. ఒకరోజు అదే గల్లీలో ఒక హాస్టలు ముందు వరసగా తాళం తిప్పుతుంటే ఏదో మాడిన వాసన వచ్చింది. దిగి చూశాను. బ్యాటరీ నుంచి గేర్‌బాక్సు మీదికి వచ్చి బోల్టుతో బిగించిన లావుపాటి ఎర్త్ వైరు ఉంటుంది; సెల్ఫ్‌ను తిప్పిన కరెంటు దాని గుండానే తిరిగి బ్యాటరీకి చేరాలి. దాని కొస మీద చెయ్యి పెట్టగానే చురుక్కుమని వేలు కాలింది.

పానా పెట్టి బోల్టు విప్పాను. వైరు కొసన ఉండే రింగు కింద నీలం రంగు మందంగా, పగుళ్లు తేలి ఉంది. ఆ రంగులో కుంచె వెంట్రుక ఒకటి అతుక్కుని ఉంది.

ఆ కుంచె నాది. సెల్ఫ్ మందగించడానికి ముందు వచ్చిన దసరాకు ఆయుధపూజ ఘనంగా చేయాలని నేనే ట్రాక్టరును కడిగాను. వైర్లు విప్పి, సందు వదలకుండా రంగు వేసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టాను. డ్రైవరు ఆ వారం పండక్కి ఊరెళ్లాడు. రంగు ఆరాక ఎర్త్ వైరును దాని మీదే బిగించేశాను. ఇనుముకు ఇనుము తగలాల్సిన చోట నా భక్తి అడ్డుపడింది. కరెంటు బోల్టు మరల్లోంచి కొద్దికొద్దిగా పోయేది, అవి కూడా తుప్పుపట్టాక ఆ దారీ ఇరుకైంది. లైట్లకు కొంచెం కరెంటు చాలు కాబట్టి అవి వెలిగాయి. సెల్ఫ్‌కు అది చాల్లేదు.

గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాను. రింగు లోపలా రుద్ది గట్టిగా బిగించాను. తాళం తిప్పీ తిప్పకముందే ఇంజిను అందుకుంది.

"సూపర్ అంకుల్! ఏమైండె?" అన్నాడు మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న ఒక పిల్లవాడు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేనన్నదిది: "ఏముంది, ఫోన్లు బందు పెట్టినం గద."

మొదటిసారి అన్నది కోపంలో, అసలు కారణం తెలియక అన్న మాట. ఇది అలా కాదు. కాలిన వేలు ఇంకా మండుతుండగానే, అన్నీ తెలిసి అన్నాను.

చాలా నెలల తర్వాత నారాయణగూడలో ఒక ప్లైవుడ్ దుకాణం ముందు అతను కనిపించాడు. ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. నన్ను చూసి తనే దిగి వచ్చాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాక, "బండి మంచిగ లేస్తున్నదా సార్?" అన్నాడు.

"లేస్తున్నది."

"గట్లయితే నాదే తప్పు సార్. ఫోన్లకు గంత కరెంటు పోతదని నేననుకోలె. ఇప్పుడీ ఆటోల ఎవ్వర్ని ఫోను పెట్టనియ్య. నా బిడ్డ పెడ్తనన్నా వద్దంట."

నేను మోపిన తప్పును అతను ఇన్నాళ్లూ తనదే అనుకుని మోశాడు. ఇక నావల్ల కాలేదు. దసరా, రంగు, వైరు, తర్వాత ఆ పిల్లవాడికి చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. అతను ఆటోలోని చెక్కల తాడు బిగిస్తూ విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తప్పయింది, మాఫ్ చెయ్" అన్నాను.

"నాకెందుకు చెప్తరు సార్?" అన్నాడు తాడు ముడి వేస్తూ. "గా మాట నాతోని ఒక్కనితో అన్లేదు గద. గల్లీల అందరి ముంగట అన్నరు. గిదిగూడ ఆడ్నే చెప్పుండ్రి."

ఆటో వెళ్లిపోయింది. ఆ గల్లీకి నీళ్లు పోసే పని అప్పటికే మా చెయ్యి దాటి వేరేవాళ్లకు పోయింది; నేను వెంటనే అశోక్ నగర్ వెళ్లలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఎండాకాలం దాటించాను. ఏ ముఖంతో చెప్పాలో వెతుక్కుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే.

చివరికి ఒక సాయంత్రం వెళ్లాను. హాస్టలు ఎదుట చాయ్ బండి దగ్గర పిల్లలు గుంపుగా ఉన్నారు. ఒక్క ముఖమూ తెలిసినట్టు లేదు. పాత పిల్లలు ఏరని చాయ్ పోసే ఆమెను అడిగాను.

"వాళ్లంత ఎప్పుడో పాయె సార్. నౌకర్లు దొరికినోళ్లు నౌకర్లకు పాయె, దొరకనోళ్లు ఊళ్లకు పాయె. వీళ్లంత కొత్తోళ్లు."

అయినా చెప్పాను. ఇదివరకు ఇక్కడికి ట్యాంకరు తెచ్చిన డ్రైవరును అందరి ముందూ దొంగను చేశానని, అతని తప్పు ఏమీ లేదని, బండి చెడగొట్టింది నేనేనని అన్నాను. పిల్లలు గ్లాసులు పట్టుకొని మర్యాదగా విన్నారు. ఒకడు పక్కవాడి వైపు చూశాడు. ఇంకొకడు అడిగాడు.

"ఎవరంకుల్ ఆయన?"

"ఇక్కడ ట్రాక్టరుతోని నీళ్లు పోసేటాయన" అన్నాను.

"ఓ... మేమొచ్చిన కాడికెళ్లి నీళ్లకు లారీనే వస్తది అంకుల్" అని అతను చాయ్ తాగి, పుస్తకం తెరుచుకున్నాడు.