దానాకు చలికోటు

2022 అక్టోబరు చివరి వారం. బహ్రెయిన్‌లో ఎండ కాస్త మెత్తబడి, సీఫ్ వెనక సముద్రం ఒడ్డున ఉన్న మా పడవల వర్క్‌షాపులో మనిషి మనిషిలా పని చేయగలిగే రోజులు మొదలయ్యాయి. మేం ఇక్కడ పడవలను కాపాడేది రెండింటి నుంచి: ఎండ, ఉప్పు. చలి నుంచి కాపాడమని నా పన్నెండేళ్ల సర్వీసులో అడిగింది ఒకే ఒక్కరు. ఆ పనిని నేను ఎంత తెలివిగా చెడగొట్టానో చెబుతాను.

ముందు నా గుణం చెప్పాలి. మాది కోరుట్ల. బాపుది కిరాణా దుకాణం, చిన్నాయనది బట్టల దుకాణం, మేనమామది ఇనుప సామాన్ల దుకాణం. మా ఇళ్లలో పిల్లలకు అక్షరాల కంటే ముందు బేరం వస్తుంది. చేతికి స్పానర్ వచ్చి చాలా ఏళ్లయినా నోటికి ఆ గుణం పోలేదు. నెత్తి మీద సగం వెంట్రుకలే మిగిలాయి కాబట్టి సగం డబ్బులే తీసుకోమని మంగలితో వాదించిన మనిషిని నేను. వర్క్‌షాపులో అందరూ నన్ను శంకర్ అనడం మానేసి 'సేటు' అంటారు.

బేరంలో నాకు సరిజోడు మా గిరాకీ మర్యమ్ మేడమ్. ఇక్కడి మనిషే. బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. మేమిద్దరం మాట్లాడుకునేది గల్ఫ్ హిందీలో. ఆమె మాటలు నా చేతి మీదుగా వస్తున్నాయి కాబట్టి వాటికి కోరుట్ల యాస అంటుకుంటే ఆమె తప్పు కాదు.

ఆమె పడవ పేరు 'దానా'. దానా అంటే పెద్ద ముత్యం. అది జెట్ బోటు. మామూలు పడవకు వెనక ప్రొపెల్లర్ తిరుగుతుంది. జెట్ బోటుకు బయట తిరిగేదేమీ ఉండదు. అడుగు నుంచి నీళ్లు పీల్చి, లోపలి పంపుతో వెనక్కి చిమ్ముతుంది, ఆ ఊపుకే ముందుకు పోతుంది. బహ్రెయిన్ చుట్టూ సముద్రం పలచన. ఆటు వచ్చిందంటే మోకాళ్ల లోతుకు దిగిపోతుంది, ప్రొపెల్లర్ ఇసుకలో తన్నుకుంటుంది. జెట్ బోటుకు ఆ భయం లేదు. మేడమ్ యాభై దాటాక దాన్ని నడపడం నేర్చుకున్నారు. శుక్రవారం పొద్దున ఆమె సముద్రం మీద లేరంటే ఒంట్లో బాగాలేదని అర్థం.

ప్రతి సర్వీసుకూ మా తంతు ఒకటే. నేను అరవై దీనార్లంటాను. ఆమె ముప్పై అంటారు. నేను తల కొట్టుకుంటాను. ఆమె సంచి భుజాన వేసుకుని గేటు దాకా నడుస్తారు. గేటు దాటేలోపు నేను పిలుస్తాను. నలభై ఐదుకు ఖాయమవుతుంది. నలభై ఐదే అని ఇద్దరికీ మొదటి ఏడు నుంచీ తెలుసు. అయినా గేటు దాకా నడవకపోతే ఆమెకూ, పిలవకపోతే నాకూ సర్వీసు జరిగినట్టుండదు.

ఆ అక్టోబరులో ఆమె వచ్చి కూర్చున్నారు. భర్త కెనడా మనిషి, ఇక్కడ ముప్పై ఏళ్లు పని చేశారు. ఇప్పుడు ఇద్దరూ ఆయన ఊరికి వెళ్లిపోతున్నారు. ఆ ఊళ్లో సముద్రం లేదట, ఒక పెద్ద సరస్సు ఉందట. దానా ఓడలో వెళ్లి జనవరిలో దిగుతుంది, మే నెల దాకా ఆరుబయట మంచులో ఉంటుంది. మైనస్ ముప్పై. అందుకు ఏం చేయాలో భర్త ఊళ్లోని పడవలవాళ్లు రాసి పంపిన కాగితం నా చేతిలో పెట్టారు. దాన్ని వింటరైజింగ్ అంటారు, అంటే పడవను చలికాలం నిద్రకు సిద్ధం చేయడం.

నేను అలవాటుగా ఎక్కువ చేసి నూట ఇరవై అన్నాను. ఆమె సంచి తెరిచి నూట ఇరవై లెక్కపెట్టి బల్ల మీద పెట్టారు.

నేను బిత్తరపోయాను. "మేడమ్, గేటు అటున్నది" అన్నాను.

"చలి సంగతి నాకు తెల్వది శంకర్ భాయ్. నీకూ తెల్వది. అయినా నీ చేతిల పెడుతున్న. ఖలాస్," అని లేచారు.

మా బాపు ఒక మాట అనేవాడు. బేరమాడే గిరాకీ నీ ధరను చూస్తడు, బేరమాడని గిరాకీ నీ తరాజును చూస్తడు అని. ఆ మాట ఆ పూట గుర్తు రాలేదు. రావాల్సిన వాటిల్లో అదొకటి.

పని మొదలుపెట్టాను. ఇంజన్ ఆయిల్ మార్చాను. స్పార్క్ ప్లగ్గులు తీసి ఫాగింగ్ ఆయిల్ కొట్టాను. అది నెలల తరబడి కదలని సిలిండర్లకు తుప్పు పట్టకుండా లోపల పొరలా పరుచుకునే నూనె. పంపుకు గ్రీజు పెట్టాను, బ్యాటరీ తీగలు విప్పాను. మంచినీళ్లతో ఫ్లషింగ్ చేశాను. ఇక్కడ ఒక నియమం ఉంది: ముందు ఇంజన్ ఆన్ చేయాలి, తర్వాతే నీళ్లు విప్పాలి, ముందు నీళ్లు కట్టాలి, తర్వాతే ఇంజన్ ఆపాలి. తారుమారైతే నీళ్లు ఇంజన్ కడుపులోకి పోతాయి. ఇవన్నీ నాకు కొట్టిన పిండి.

మిగిలింది యాంటీఫ్రీజ్. జెట్ బోటు ఇంజన్ బయటి నీళ్లతోనే చల్లబడుతుంది కాబట్టి, ఎంత వంచినా సందుల్లో కొన్ని నీళ్లు మిగులుతాయి. మైనస్ ముప్పైలో అవి గడ్డకట్టి ఉబ్బితే ఇంజన్ దిమ్మె పగులుతుంది. పగిలిన దిమ్మెకు అతుకు లేదు, ఆ పడవ ఇక తుక్కు. అందుకని గడ్డకట్టని ద్రవాన్ని పైపుల నిండా తిప్పి వదలాలి.

సనాబిస్‌లో నాకు తెలిసిన స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాను. కాగితంలో రాసింది తెప్పించాలంటే రెండు వారాలు, ధర మూడింతలు. పడవ ఆ వారంలోనే ప్యాకింగ్‌కు పోవాలి. దుకాణంవాడు ఒక పచ్చరంగు డబ్బా తీసి పెట్టాడు. మన కార్ల రేడియేటర్లలో పోసే కూలెంట్. "సేమ్ సేమ్ భాయ్" అన్నాడు. మేడమ్‌తో ఆడని బేరమంతా నాలో మిగిలిపోయి ఉంది కదా, వాడి మీద ఆడాను. ఇంకో పావు వంతు తగ్గించి, నాలుగు డబ్బాలు ఎత్తుకుని, ఊరు గెలిచినవాడిలా వచ్చాను.

దానా పైపుల నిండా ఆ పచ్చనీళ్లు తిప్పాను. పైన తెల్లటి ష్రింక్ రాప్ చుట్టాను. అది వేడి గాలి తగిలితే పడవకు చర్మంలా బిగుసుకునే ప్లాస్టిక్. గురువారం మధ్యాహ్నం ట్రక్కు వచ్చి ప్యాకింగ్ యార్డుకు తీసుకెళ్లింది. ఆదివారం కంటైనర్‌లోకి ఎక్కిస్తారు.

ఆ సాయంత్రం గదిలో వంట చేస్తూ నా బేరం గొప్ప నాతో ఉండే గంగన్నకు చెప్పాను. గంగన్నది మెట్‌పల్లి, నాకంటే పదేళ్లు పెద్ద. మా వర్క్‌షాపుకు రాకముందు చేపల కోల్డ్ స్టోరేజీలో చాలా ఏళ్లు చేసి, వేళ్ల కొసలు మొద్దుబారిన మనిషి. నేను వెంట తెచ్చిన మిగిలిన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సేటూ, డబ్బ మీద సూర్యుని బొమ్మ ఉన్నది. మంచు బొమ్మ ఏది?"

"కెనడాల సూర్యుడు ఉండడా అన్నా?"

"ఉంటడు. ఆయనగ్గూడ చలే."

నవ్వుతూనే ఒక చిన్న తొక్కు సీసా కడిగి, అంచు దాకా ఆ పచ్చనీళ్లు పోసి, మూత బిగించి, రెండు కవర్లలో చుట్టాడు. మా గది కింద ఒక కోల్డ్ స్టోర్ ఉంది. బహ్రెయిన్‌లో చిన్న కిరాణా దుకాణాన్ని అలా అంటారు. దాని ఐస్‌క్రీం పెట్టెలో అడుగున పెట్టించాడు.

శుక్రవారం పొద్దున కవరు విప్పితే సీసా నిలువునా పగిలి ఉంది. లోపల పచ్చటి గడ్డ, పుల్ల గుచ్చితే అమ్ముకోవచ్చు.

గల్ఫ్‌లో అమ్మే చవక కూలెంట్ మరగకుండా, తుప్పు పట్టకుండా ఆపడానికి చేసింది. గడ్డకట్టకుండా ఆపాల్సిన అవసరం ఇక్కడ ఎవరికి ఉంది? అందులో ఎక్కువ భాగం నీళ్లే. రంగు నీళ్లను పావు వంతు తగ్గించి కొన్న సేటును నేను.

ఆ పగిలిన సీసా వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మే నెలలో ఏడు సముద్రాల అవతల దిమ్మె పగిలి కనిపిస్తే, ఓడలో కుదుపు అనుకుంటారు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. గంగన్న ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు.

మేడమ్‌కు అంతా చెప్పాను. దుకాణం, డబ్బా, సీసా.

"ఎంతకు కొన్నవ్ ఆ పచ్చనీళ్లు?"

చెప్పాను.

"పావు వంతేనా? నన్ను తీస్కపోతే సగం తగ్గించేదాన్ని."

నవ్వుదామా వద్దా అని నేను చూస్తుండగానే ఆమె గొంతు మారింది. "అక్కడ నాకు తెలిసిన నీళ్లు లేవు శంకర్ భాయ్. నా అన్నది ఈ పడవొక్కటే. బాగు చెయ్. యల్లా, జల్దీ."

గంగన్న పాత పరిచయాలు ఆ రోజు అక్కరకొచ్చాయి. ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో చిల్లర్ నడిపే ఒకాయన దగ్గర గ్లైకాల్ ఉంది, తిండి పదార్థాల దగ్గర వాడేది. వసంతంలో ఇంజన్ తిప్పగానే ఇది సరస్సులో పడుతుంది కాబట్టి చేపలకు విషం కానిదే కావాలి. మేనేజరును అడిగి రెండు క్యాన్లు కొన్నాం. ధర చెప్పారు, ఇచ్చాను. గంగన్న నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూశాడు. నీళ్లు తక్కువ, గ్లైకాల్ ఎక్కువ కలిపి, ఈసారి వాళ్ల ఫ్యాక్టరీ ఫ్రీజర్‌లోనే పెట్టించాం. మైనస్ ముప్పై ఐదు. శనివారం పొద్దున తీసి వంచితే సీసాలో లడ్డూ పాకంలా మెల్లగా జారింది.

ఒక చిక్కు మిగిలింది. గ్లైకాల్‌కు రంగు లేదు. ఇంజన్‌లోని నీళ్లన్నీ బయటికి పోయి గ్లైకాల్ వస్తోందని తెలియాలంటే రంగు ఉండాలి. గంగన్న మా గదికి పోయి, వంటింట్లోంచి బిర్యానీలో వేసే నారింజ రంగు పొట్లం తెచ్చాడు.

శనివారం యార్డులో దానా చర్మం కోసి మళ్లీ మొదలుపెట్టాం. మేడమ్ ఫ్లాస్కులో అరబ్బు కాఫీ గహ్వా, డబ్బాలో ఖర్జూరాలు తెచ్చుకుని, కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పరీక్షలో పిల్లల మీద ఇన్విజిలేటర్ కూర్చున్నట్టు. ముందు పచ్చనీళ్లు పోయాయి, తర్వాత తేటనీళ్లు. చిట్టచివర పడవ వెనక నుంచి నిక్కమైన బిర్యానీ రంగు చిమ్మింది. ఆమె కప్పు కింద పెట్టి, దగ్గరికొచ్చి, దానా పక్కన అరచేయి ఆనించి నిలబడ్డారు. మేము అటు తిరిగి స్పానర్లు తుడుచుకున్నాం.

మరుసటి మే నెలలో ఒక వీడియో వచ్చింది. ఒడ్డున ఇంకా మంచు ముక్కలున్న సరస్సు. స్టీరింగ్ దగ్గర మేడమ్, మీద రెండు కోట్లు. ఇంజన్ ఒకసారి దగ్గి అందుకుంది. నీళ్ల మీద నారింజ రంగు ఒక గుక్కెడు పడి, వెనకే తేటనీళ్లు వచ్చాయి. ఒడ్డు నుంచి భర్త అదేమిటని అరుస్తుంటే, బిర్యానీ అని ఈమె అరుస్తున్నారు.

దాని వెనకే ఫోన్ మోగింది. "పడవ నడిచింది. ఇప్పుడు చెప్పు, లాస్ట్ ఎంత? ఆ రోజు బేరమాడ బుద్ధి కాలే గని, నూట ఇరవై ఎక్కువ." అరగంట బేరమాడుకున్నాం. తగ్గింపు కింద, ఆమె ఈసారి మనామా వచ్చినప్పుడు పాత సూక్ బజారులో నేను ఆమెకు సమోసాలు తినిపించాలి. ఆమె నాలుగు అన్నారు, నేను రెండన్నాను. ఫోన్ పెట్టేస్తానన్నారు. పెట్టేసేలోపు పిలిచాను. మూడుకు ఖాయమైంది.

ఆ పడవ తర్వాత నాకు రెండు అలవాట్లు వచ్చాయి. ఏ డబ్బా కొన్నా ధర అడిగే ముందు, ఇది ఏ ఊరి బాధ కోసం చేశారని అడుగుతాను. బేరమాడని గిరాకీ వస్తే, బాపు చెప్పినట్టు నా తరాజును నేనే ఒకసారి చూసుకుంటాను. కింది కోల్డ్ స్టోర్‌లో ఐస్‌క్రీంల అడుగున ఇప్పటికీ నాదో తొక్కు సీసా ఉంటుంది.

సమోసాల దుకాణంవాడితో కూడా ముందే మాట్లాడి పెట్టుకున్నాను. మూడు కొంటే నాలుగోది ఊరికే ఇస్తానన్నాడు. ఆ సంగతి మేడమ్‌కు ఇంకా చెప్పలేదు.